తవుడికి పోయిన పిలుపు

మొన్న ఆదివారం మా మనవడి కూతురు తొలిసారిగా 'అమ్మ' అంది. మనవడి భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, సెల్‌ఫోను దాని మొహం ముందు పెట్టి, మళ్ళీ అనిపించి, ఆ వీడియో చుట్టాలందరికీ పంపింది. ఇక ఫోన్లే ఫోన్లు. నా మంచం దగ్గరికి కూడా తెచ్చి "విన్నారా మామ్మగారూ?" అని చూపించింది. విన్నానమ్మా అన్నాను. మంచి పిల్ల, నా మొహం అలా అయిందేమిటని అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. ఈ వయసులో నోరు విప్పితే ముసలిదాని చాదస్తం అంటారు. కాగితం మీదైతే వినేవాళ్ళు మధ్యలో లేచిపోతే నాకు తెలియదు కదా, అందుకని రాస్తున్నాను.

పిల్లలకి మాటలు తల్లి నేర్పుతుందని అందరూ అనుకుంటారు. ఉత్తమాట. ఇల్లు నేర్పుతుంది. ఇంట్లో ఎవరిని ఎలా పిలుస్తుంటే పసివాడూ అలాగే పిలుస్తాడు. నేను నందిగామ నుంచి జగ్గయ్యపేటకి కాపురానికి వచ్చిన రోజుల్లో, అంటే యాభైలలో, మా వీధిలో సగం మంది తల్లులు కన్నపిల్లలకి అక్కలూ వదినలూనూ. ఎదురింటాయన పెళ్ళాన్ని 'ఒసేయ్' అని తప్ప పిలిచి ఎరగడు. వాళ్ళ బుడ్డోడు పాలకోసం ఏడుస్తూ "ఒచేయ్, ఒచేయ్" అంటూ తల్లి కొంగు పట్టుకుని తిరిగేవాడు. పక్కింటి పిల్లయితే కన్నతండ్రిని "ఏవండీ" అనేది, అదీ ఎంతో మర్యాదగా. వీధంతా నవ్వుకునేవాళ్ళం. ఆ పిల్లలంతా బడికి వెళ్ళే వయసుకి వాళ్ళంతట వాళ్ళే దారిలో పడ్డారు. నా ఇంట్లో జరిగింది అలాంటిది కాదు.

మాది మిరపకాయల కొట్టు. మావగారూ ఆయనా పొద్దున వెళితే దీపాలవేళకి ఘాటు వాసనతో, తుమ్ములతో వచ్చేవారు. పెళ్ళికాని మరుదులిద్దరు. ఇంటి పెత్తనమంతా అత్తగారిది. కొడుకులే కాదు, బస్తాలు మోసేవాళ్ళూ, పాలమనిషీ కూడా ఆవిడని 'అమ్మా' అనే పిలిచేవారు. నేను అందరికీ వదినని. అత్తగారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషే అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా మొదటి బిడ్డ, ఆడపిల్ల, పళ్ళు రాకముందే, మాట రాకముందే జ్వరం తగిలి పోతే నాకన్నా ఎక్కువ ఏడ్చింది ఆవిడే.

రెండోసారి నందిగామలో మా అమ్మ దగ్గరే కాన్పయింది. మగపిల్లాడు. పురుడు వెళ్ళగానే అత్తగారు బస్సులో దిగింది, చేతిలో తవుడు మూటతో. ముందు బిడ్డ పోతే తర్వాతి బిడ్డని ఎవరికైనా తవుడికి అమ్మేయడం మా వైపు అలవాటే. తవుడికి పోయిన బిడ్డ విలువలేనిదని మృత్యువు చూడకుండా వెళ్ళిపోతుందని నమ్మకం. ఆవిడ తవుడు నా కొంగులో పోసి, చేటలో ఉన్న పిల్లాణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఇవాళ్టి నుంచి వీడు నా కొడుకు. నువ్వు పాలిచ్చేదానివి, అంతే. అమ్మా అని మాత్రం పిలిపించుకోకే" అంది. మా అమ్మ నవ్వుతూనే "మా ఊళ్ళో సాయంత్రానికల్లా తిరిగి కొనుక్కుంటామండీ వదినగారూ" అంది. "మాకు పుట్టువెంట్రుకలు తీయించే దాకా ఆగాలండీ. తొందరెందుకు? ఒకదాన్ని పోగొట్టుకున్నాం, చాలదా?" అంది అత్తగారు. నేను తలూపాను. వాడు బతికితే చాలు, నన్ను ఏమని పిలిస్తే ఏం అనుకున్నాను.

పిల్లాడు పాకి పాకి గడపలు దాటే రోజులు. ఒక పొద్దున నేను వంటింట్లో పప్పు వేయిస్తుంటే వెనకనుంచి వచ్చి, నా చీర పట్టుకుని లేచి నిలబడి, నా మొహంలోకి చూసి "అమ్మ" అన్నాడు. స్పష్టంగా. గబుక్కున వాడి నోరు మూశాను. "అనకూడదు నాన్నా. వదిన, వదిన అను" అన్నాను. వాడు అదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వి, నేను చెయ్యి తీయగానే మళ్ళీ అన్నాడు. అది వసారాలో ఉన్న అత్తగారికి వినిపించింది. "ఎవర్నే అన్నాడు?" అని అరిచింది. "మిమ్మల్నే అత్తయ్యా, మీకోసం వెతుక్కుంటున్నాడు" అన్నాను. ఆవిడ పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకుని, "నన్నే! నా తండ్రి నన్నే పిలిచాడు!" అని ముద్దులు పెట్టుకుని వీధిలో ఇంటింటికీ పంచదార పంచింది. నాకూ పెట్టింది ఒక చిటికెడు. తిన్నాను. పప్పు మాడిపోయిందని చివాట్లు కూడా తిన్నాను.

ఆ తర్వాత నేనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. వదిన అనడం పసినోటికి కష్టం. ముందు 'దిన' అన్నాడు, పండక్కి 'వదిన' అయింది. ఆయనతో చెప్పుకుంటే "కొన్నాళ్ళే కదా, ఓర్చుకో" అన్నారు. పెద్దవాళ్ళ ముందు కన్నబిడ్డని ఎత్తుకోడానికే మొహమాటపడే మనిషి, ఆయన మాత్రం ఏంచేస్తారు! ఓర్చుకున్నాను.

మూడో ఏట వేదాద్రిలో పుట్టువెంట్రుకలు తీయించాం. కృష్ణలో స్నానం చేయించి, గుండుకి గంధం రాశాక, నందిగామ నుంచి తెప్పించుకున్న తవుడు మూట విప్పి అత్తగారి ముందు పెట్టాను. "గడువు తీరింది కదా అత్తయ్యా, తిరిగి కొనుక్కుంటా" అన్నాను. ఆవిడ మూట వైపు చూడనైనా చూడలేదు. "బతికిన పిల్లాడికి బేరాలేంటే? అచ్చొచ్చిందాన్ని కదపకూడదు" అంది. పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని "అమ్మా అనరా" అని బతిమాలాను. వాడు వింతగా చూసి, "అమ్మ అదిగో" అని ఆవిణ్ణి చూపించాడు. అందరూ నవ్వారు. ఆవిడ ఒక్కమాట చెబితే వాడు అనేవాడు. చెప్పలేదు. ఈ వయసులో క్షమించడం మంచిదంటారు కానీ, నేను క్షమించలేదు. ఆ తర్వాత నా కడుపు పండలేదు.

అరవైలు ముగిసేలోపే అత్తగారు పోయింది. అప్పటికి వాడికి పదేళ్ళుంటాయి. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక చుట్టాలంతా చేరి, "ఇప్పటికైనా మీ అమ్మని నోరారా అమ్మా అని పిలవరా, పాపం ఎన్నాళ్ళని చూస్తుంది" అని వాణ్ణి నా ముందుకి తోశారు. వాడు నా వైపు చూశాడు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో. "అమ్మ చచ్చిపోయింది కదా, ఇంకెవర్ని పిలవమంటారు?" అని అరిచి బయటికి వెళ్ళిపోయాడు. వాడిది తప్పనను. వాడికి నిజంగానే తల్లి పోయింది.

ఇప్పుడు వాడు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, తాతయ్యాడు. నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు. పొద్దున్నే మందులు చేతిలో పోసి "వేసుకో వదినా" అంటాడు. గండం గడిచేదాకా ఆగమన్నారు, ఆగాను. గండం ఎప్పుడో గడిచిపోయింది, అమ్మా అని పిలిపించుకునే కాలాన్ని కూడా తనతోనే తీసుకుపోయింది.