జకార్తా బోర్డు మీద మా బందరు

ఇకమీదట పిల్లల స్కూల్ ప్రాజెక్టుల గురించి నన్నెవరూ సలహా అడక్కండి. శుక్రవారం మా అమ్మాయి క్లాసుకెళ్ళి నా పరువు నేనే తీసుకున్నాను.

మా సిరి ఫోర్త్ గ్రేడ్. క్లాసులో నోరు విప్పదని టీచర్ రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది. అలాంటిది ఈసారి తనే చెయ్యెత్తి జకార్తా మీద ప్రాజెక్ట్ తీసుకుంది. ఇక్కడ అమెరికాలో, క్యారీ ఊళ్ళో మా పక్క అపార్ట్‌మెంట్ బామ్మగారిది జకార్తాయే. అక్కడి పాత రేవు గురించి, చెక్క ఓడల గురించి ఆవిడ చెబుతుంటే సిరి బొమ్మలు గీసుకుంది. కింద నాలుగు వాక్యాలు రాసుకుంది.

"బాగుందమ్మా, కానీ కంటెంట్ లేదు," అన్నాను. మన ఇళ్ళ సంగతి తెలిసిందేగా, ప్రాజెక్ట్ ఇచ్చేది పిల్లలకి, చేసేది మనం. పైగా నాది బందరు. ఒకప్పుడు డచ్ వాళ్ళు మా అద్దకం బట్టలు కొని, ఓడల్లో జకార్తా చేర్చి, ఆ దీవుల్లో లవంగాలకీ జాజికాయలకీ మార్చుకునేవాళ్ళు. ఇంత గొప్ప సంగతి నేను వదులుతానా? కలర్ ప్రింట్లు తీశాను. పెద్ద మ్యాప్ అతికించాను. చోటు చాలక సిరి బొమ్మలు పీకేశాను.

శుక్రవారం సిరి ప్రాజెక్ట్ చూడ్డానికి నాతోపాటు బామ్మగారు కూడా పనిగట్టుకుని క్లాసుకి వచ్చారు. బోర్డంతా వెతికి, "సిరీ, నువ్వు గీసిన ఓడలేవి?" అని అడిగారు. సిరి నావైపు చూసింది. ఇంతలో టీచర్, "డచ్ వాళ్ళు బట్టలే ఎందుకు తెచ్చారు?" అంది. సిరి తల దించుకుంది.

నేను ఊరుకోవచ్చుగా! వెనకనుంచి చెయ్యెత్తి, ఎవరూ పిలవకముందే బందరు మీద ఐదు నిమిషాలు దంచేశాను. ఆపేసరికి సిరి ఏడుస్తోంది. "ఇది నా ప్రాజెక్ట్ కాదు, డాడీది," అంది. ఈ ఏడాది క్లాసులో సిరి గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే.

సిగ్గుతో చచ్చిపోయాను. సోమవారం సిరికి ఇంకో ఛాన్స్ ఇస్తానని చెప్పి, టీచర్ ఆ బోర్డు మడిచి నా చేతిలోనే పెట్టింది.

నిన్న సిరి, బామ్మగారు మా డైనింగ్ టేబుల్ మీద కొత్త బోర్డు మొదలుపెట్టారు. "నేనేమైనా హెల్ప్ చెయ్యనా?" అని భయంభయంగా అడిగాను. సిరి గ్లూ మూత తీసి నాకిచ్చింది.

"ఇది పట్టుకో డాడీ. మాట్లాడకు."

గంటసేపు పట్టుకుని నిలబడ్డాను. పదమూడేళ్ళుగా ప్రాజెక్ట్ మేనేజర్ని. నావల్ల ఏ ప్రాజెక్టూ ఇంత బాగా నడవలేదు.