టేపు మాస్టారి మూడో జోస్యం

టేపు మాస్టారు జీవితంలో కారు నడపలేదు, కొనలేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయినా ఒకానొక రెండు తలుపుల స్పోర్ట్స్ కారుకు రాబోయే ఫేస్‌లిఫ్ట్‌లో అంటే పాత మోడలుకు దిద్దే కొత్త మెరుగుల్లో, ఏమేమి మారబోతున్నాయో తనకు తెలిసినంతగా ఆ కంపెనీలో సగం మందికి తెలియదని ఆయన గట్టి నమ్మకం. కంపెనీవారు ఈ విషయమై ఇంతవరకూ అభ్యంతరం తెలపలేదు.

వృత్తి దర్జీ పని. పన్నెండో ఏట కాలర్లతో మొదలుపెట్టి, యాభై నాలుగో ఏటికి కోట్ల దాకా వచ్చారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసిన మనిషి లోకంలో భార్య ఒక్కతే. దుకాణంలో కాజాలు కుట్టేదీ, గుండీలు వేసేదీ ఆవిడే. తను కూడా అలా చూసింది అరుదుగానేనని చెబుతుంది.

ఆ కారు ఆయన జీవితంలోకి కాగితం రూపంలో వచ్చింది. నమూనాలు కత్తిరించడానికి పాత పత్రికలు తూకానికి తెచ్చుకునేవారు. ఒకరోజు కత్తెర దారిలో ఆ కారు బొమ్మ అడ్డొచ్చింది. ముక్కు దగ్గర వంపు చూశారు. అలాంటి వంపు గుడ్డలో తీయాలంటే ఎంతటి మొనగాడికైనా రెండు చోట్ల కుట్టు పడుతుంది. వీళ్ళెవరో రేకులో ఒక్క కుట్టు లేకుండా తీశారు. మాస్టారు కత్తెర కింద పెట్టేశారు. ఆనాటి కాలరు వేరే కాగితంలో, ఎవరో మంత్రిగారి ప్రసంగం మీదుగా తెగింది.

ఆ కారుకో అభిమాన సంఘం ఉంది. ప్రతి ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరుగారి క్లినిక్ పైగదిలో సమావేశం. డాక్టరుగారే అధ్యక్షులు. సభ్యులు నలభై మంది. వారిలో ఆ కారు ఉన్నవారు ఎవరూ లేరు. కళ్ళారా చూసినవారు ఇద్దరు. తాకినవారు ఒకరు, ఆయన్నీ షోరూమ్ కాపలాదారు చెయ్యి తీసేయమన్నాడు. ఇంతటి నిష్పాక్షికత మరే సంఘంలోనూ కానరాదు.

ఆరు రోజుల పాటు మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ కాళ్ళు కొలుస్తారు. వదులంటే బిగించి, బిగువంటే వదులు చేసి, ఆలస్యమంటే తల వంచుకుంటారు. ఏడో రోజున ఆ పైగదిలో మొదటి వరసలో కుర్చీ మీద కూర్చుంటారు. ఆయన గొంతు సవరించుకుంటే ఇంజనీర్లు సైతం టీ కప్పులు కింద పెడతారు. ఆ కుర్చీ పోతే ఆయనకు వారమంతా ఆరు రోజులే.

ఆ కుర్చీకి గండం ఉంది. జోస్యం మూడుసార్లు తప్పినవారి సభ్యత్వం రద్దవుతుంది. చెప్పిన జోస్యాన్ని వెనక్కి తీసుకున్నా తప్పినట్టే లెక్క. గాలివాటాన్ని బట్టి మాట మార్చేవాళ్ళతో విసిగిపోయి, ఈ రెండో ముక్క పట్టుబట్టి చేర్పించింది మాస్టారే. ఆయనవి అప్పటికే రెండు తప్పాయి. ఒకటి పైకప్పు అద్దం గురించి, రెండోది గేరు కర్ర గురించి.

అలాంటి సమయంలో ఎక్కడో పరీక్షకు తిప్పుతున్న కొత్త కారు ఫోటో బయటికొచ్చింది. ఆకారం తెలియకుండా ఒళ్ళంతా నలుపు తెలుపు గీతల తొడుగు వేశారు. సంఘమంతా దీపాల గురించి కొట్టుకుంటూ ఉంటే, మాస్టారు లేచి వెనక చక్రాల మీద వేలు పెట్టారు.

"తొడుగు ఎలా బిగిసిందో చూడండి. లోపల ఒళ్ళు లేకుండా గుడ్డ అలా లాక్కోదు. వెనకభాగం వెడల్పు చేశారు. పక్కకి రెండంగుళాలు."

మూడు వారాల వాదం తర్వాత ముప్పైమంది ఒప్పుకున్నారు. అంతమంది ఒప్పుకుంటే అది సంఘం జోస్యం అవుతుంది. తప్పినా ఏ ఒక్కరి ఖాతాలోనూ పడదు. మాస్టారు కుర్చీకి గండం గడిచినట్టే.

ఆ తర్వాతి బుధవారం దుకాణానికి ఒక ప్లీడరుగారు కోటు వేసి చూసుకోవడానికి వచ్చారు. ఆయనకు వాదన ఉన్నంత భుజాలు లేవు. అందుకని మాస్టారు లోపల దళసరి ప్యాడ్లు పెట్టారు. అద్దంలో ప్లీడరుగారు మల్లయోధుడిలా ఉబ్బారు.

"ఏమయ్యా, నా భుజాలేనా ఇవి?" అన్నారాయన మురిసిపోతూ.

"కోటున్నంతసేపూ తమవేనండి," అన్న మాస్టారు అక్కడే ఆగిపోయారు. ప్యాడు అయిపోయిన చోట, గుడ్డ మీద సన్నగా ఒక అంచు తేలింది. ఇస్త్రీతో పోయేదే. కానీ ఆ అంచును ఆయన ఇంకెక్కడో చూశారు.

ప్లీడరుగారు వెళ్ళగానే సొరుగులోంచి ఆ కొత్త కారు ఫోటో తీసి, భూతద్దం పెట్టారు. చక్రానికి బెత్తెడు పైన అదే అంచు.

"ప్యాడు పెట్టారే," అన్నారు భార్యతో. "తొడుగు కింద ప్యాడు పెట్టి కుట్టారు. మనబోటివాళ్ళని ఏమార్చడానికి. ఇన్ని ప్యాడ్లు కుట్టిన నేనే పోల్చుకోలేకపోయాను."

"మరిప్పుడేం చేస్తారు?"

"చెప్పేస్తా."

"చెబితే మీకది మూడోదవుతుందిగా! సంఘం మాట తప్పినా ఎవరికీ నష్టం లేదన్నారుగా నిన్న?"

"తప్పు కొలతని తెలిశాక కత్తెర ఎలా వెయ్యమంటావు?"

"వెయ్యకండి. ఆదివారాలు ఇంట్లో కూర్చుని నా ప్రాణం తియ్యకండి, అంతే," అని ఆవిడ దారం పంటితో తెంపింది.

ఆదివారం మాస్టారు లేచి సంగతి చెప్పారు. గదిలో పెద్ద గోల లేచింది.

"మమ్మల్ని నమ్మించడానికి మూడు వారాలు పీక్కు తిన్నారు. ఇప్పుడు కాదంటే ఎలా మాస్టారూ?" అన్నాడొక ఇంజనీరు. "మీరు చెప్పారని నమ్మాం. ఇక మీరు చెప్పినా మానం!"

డాక్టరుగారు ఆయన్ని పక్కకు లాక్కెళ్ళారు. "సంఘం మాట అయ్యాక మీకేం బాధ? ఎందుకు కదిలిస్తారు?"

"పుచ్చుపన్ను కనబడ్డాక, తమరు పేషెంటుని నోరు మూసుకోమంటారా?"

డాక్టరుగారు ఆలోచించారు. వృత్తిరీత్యా ఒప్పుకోక తప్పలేదు. నియమం చదివారు. మాస్టారు తన కుర్చీ తనే మడిచి, గోడకు చేరవేసి, మెట్లు దిగారు.

నాలుగు వారాలకు కారు విడుదలైంది. మాస్టారూ, భార్యా కుట్టుమిషనుకు ఫోను ఆనించుకుని చూశారు. వెనకభాగం వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

"ఇంతకీ ఏం మారిందండీ?"

"దీపాలు."

"ఈ మాత్రం దానికా ఇంత ముసుగు?"

సాయంత్రానికి డాక్టరుగారే దుకాణానికి వచ్చారు. నిలబడే మాట్లాడారు. "తప్పు చెప్పిన ముప్పైమందీ లోపలున్నారు. ఒప్పు చెప్పిన మనిషి బయటున్నాడు. లోకం నవ్వుతుంది మాస్టారూ. ఆ రెండో ముక్క కొట్టేద్దాం. మీరు ఊఁ అనండి చాలు."

"కొట్టెయ్యకండి. మాట మార్చినవాడికి ఏదో ఒకటి పోవాలి. లేకపోతే రేపు అందరూ రోజుకో మాట అంటారు."

"అయితే మీరిక రారా?"

"ఎందుకు రానండీ? కొత్త సభ్యుల ఫారం ఇవ్వండి."

"కొత్తవాళ్ళకి ఆఖరి వరస. పైగా ఆర్నెల్లు జోస్యం చెప్పకూడదు. మీ వల్ల అవుతుందా?"

"మా ఆవిణ్ణి అడగండి."

"కాదు," అంది ఆవిడ కాజా మీంచి తలెత్తకుండానే.

మాస్టారు బల్ల మీది కోటు పక్కకు జరిపి, ఫారం నింపి, సంతకం చేశారు.

ఆయన మళ్ళీ చేరిన రెండో ఆదివారం తెర మీద కొత్త ఫోటో పడింది. అదే కారులో టాపు లేని రకం, మళ్ళీ నిలువెల్లా తొడుగు. ముందు వరస తల తిప్పింది, దాని వెనక వరస తిప్పింది. ముప్పై తొమ్మిది మొహాలూ తలుపు పక్కన ఉన్న ఆఖరి కుర్చీ వైపు తిరిగాయి.

"ఆ తోక దగ్గర ఉబ్బు... లోపల ఒళ్ళుందా, లేదా?" అన్నాడా ఇంజనీరు వినయంగా.

మాస్టారు చూశారు. ముందుకు వంగి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. పెదాలు కదిలి, మళ్ళీ మూసుకున్నాయి.

"నాకింకా అయిదు నెలల మూడు వారాలుందండి."

"కనీసం తలైనా ఊపండి మాస్టారూ!" అని డాక్టరుగారు బతిమాలారు.

మాస్టారు ఊపలేదు.