కార్డుకు పెట్టిన బొట్టు

మా ఇంట్లోకి కొత్త వస్తువేదొచ్చినా బొట్టు పెట్టించుకోకుండా పనిలోకి దిగదు. మిక్సీ, ఫ్రిజ్, నా స్కూటీ, అన్నీ అమ్మ చేతి పసుపు కుంకుమలు అందుకున్నవే. అందుకే మలేషియా ప్రయాణం కోసం ఆదోనిలో బ్యాంకు వాళ్లిచ్చిన కొత్త కార్డును కూడా అమ్మ దేవుడి దగ్గర పెట్టింది. దాని మీద బంగారు రంగులో మెరిసే చిన్న బిళ్ల ఉంటుంది కదా, అదే కార్డు ముఖం అనుకుని, సరిగ్గా అక్కడే తడి పసుపు రాసి కుంకుమ దిద్దింది. నేను నవ్వుకుని, అలాగే కవర్లో పెట్టేశాను.

ఎమ్మిగనూరులో టీచరుగా పనిచేసే నాకూ, మా అమ్మకూ అదే మొదటి విమానం. నా కాళ్లు నేల మీద లేవు! డబ్బంతా ఒకే చోట ఉంచకూడదని, మార్పించుకున్న రింగిట్లు నా చేతిసంచిలో కొన్ని, పెట్టెలో కొన్ని, అమ్మ నడుముకు కట్టుకున్న గుడ్డ తిత్తిలో కొన్ని దాచాం. ఉన్నన్ని రోజులూ వాటితోనే నడిచింది. కొబ్బరి బొండాం కొన్నా సరే, "మన దుడ్డులో ఎంతమ్మీ?" అని అమ్మ అడిగేది. చెప్పగానే పాపం ఆ నీళ్లు చేదయ్యేవి.

చివరి రోజు కొండ మీదికి రోప్‌వే. టూరు వాళ్ల కాగితం మీద ఆ బొమ్మ చూసే అమ్మ ఈ ప్రయాణానికి ఒప్పుకుంది. సాయంత్రమే మా విమానం. ఇప్పుడు ఎక్కకపోతే ఇక లేదు. తీరా చూస్తే ఆ కౌంటర్లో నోట్లు తీసుకోరట, కార్డే కావాలట.

దర్జాగా కార్డు తీసిచ్చాను. కౌంటర్లో అమ్మాయి దాన్ని మిషన్‌లో పెట్టింది. పని చేయలేదు. మళ్లీ పెట్టింది. లేదు. వెనక వరుస పెరుగుతోంది. విదేశాల్లో వాడుకునేలా బ్యాంకులో అడిగి మరీ మార్పించుకున్నానే! కోపమొచ్చి ఆ మిషన్‌ను తెలుగులోనే తిట్టాను.

అమ్మ నా భుజం మీంచి తొంగిచూసింది.

"అయ్యో, నేను పెట్టిన బొట్టే గదమ్మీ అడ్డమొచ్చింది! ఈడికి తే."

ఎండి గట్టిపడిన పసుపును గోటితో గీకి, కొంగుతో రుద్ది, కార్డు తనే ఆ అమ్మాయి చేతికిచ్చింది. మిషన్ కీచుమంది. చీటీ బయటికొచ్చింది. నేను చిన్నపిల్లలా గంతేస్తే ఆ అమ్మాయి కూడా నవ్వేసింది.

మేమెక్కిన రోప్‌వే డబ్బా కదలగానే అమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. కాసేపటికి అద్దానికి ముక్కు ఆనించి, "సూడమ్మీ, మబ్బు మన కాళ్ల కింద పోతాంది!" అని అరిచింది. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.

తిరిగి కిందికొచ్చాక మా టూరు వాళ్లందరూ బస్సు వైపు నడిచారు. అమ్మ మాత్రం అక్కడే నిలబడి, పైకి పోతున్న డబ్బాలనే చూస్తోంది.

"ఇంగోసారి పోదామా?" అంది మెల్లగా.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి, చివరి దోసె కూడా మా కంచాల్లోనే వేసిన మనిషి. తనకు ఇంకొంచెం కావాలని అడగగా వినడం నాకదే మొదటిసారి. గైడు చేతులూపి పిలుస్తున్నా పట్టించుకోకుండా, కార్డు పట్టుకుని కౌంటరు దగ్గరికి పరుగెత్తాను.