సర్వే అనే మాట కొట్టేసిన ఏడాది

2007 జూన్‌లో నేను అనకాపల్లిలోని ఒక డిగ్రీ కాలేజీలో గణాంకశాస్త్రం రీడర్‌గా ఉన్నాను. రీడర్ అంటే లెక్చరర్‌కు పైన, ప్రిన్సిపాల్‌కు కింద ఉండే హోదా. ఆ నెలలో నాకు 'ప్రపంచ ఆరోగ్యం – అభివృద్ధి' అనే మూడేళ్ల డిగ్రీ కోర్సు సమన్వయ బాధ్యతను అదనంగా అప్పగించారు. కోర్సు మొదలై అప్పటికి రెండేళ్లు. మొదటి బ్యాచ్ చివరి సంవత్సరంలోకి వచ్చింది.

ఆ కోర్సుకు సొంత శాఖ లేదు, సొంత అధ్యాపకులూ లేరు. వ్యాధుల పేపరు జంతుశాస్త్రం వాళ్లు చెప్పేవారు. పేదరికం, అప్పులు, ఆదాయం ఎకనామిక్స్ వాళ్లవి. కుటుంబం, కులం, ఆచారం సోషియాలజీ వాళ్లవి. లెక్క నాది. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. స్టాఫ్ రూములో దీన్ని కిచిడీ కోర్సు అనేవారు. చేర్చడానికి వచ్చిన తండ్రులు, ఇది చదివితే పిల్ల నర్సవుతుందా, ఆఫీసరవుతుందా అని అడిగేవారు. రెండూ కాదు, ఒకే జబ్బు ఒక ఇంట్లో మూడు రోజుల్లో తగ్గి పక్కింట్లో మనిషిని ఎందుకు తీసుకుపోతుందో వెతకడం నేర్చుకుంటుందని చెప్పేదాన్ని. సగం మంది అక్కడే లేచి వెళ్లిపోయేవారు.

ఆ నవంబరులో మూడో సంవత్సరం విద్యార్థులు పన్నెండు మందిని క్షేత్ర అధ్యయనానికి ఎస్. రాయవరం మండలంలోని ఒక ఊరికి తీసుకువెళ్లాను. క్షేత్ర అధ్యయనం వంద మార్కుల పేపరు. అది తప్పితే ఏడాది పోతుంది. ఊరి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మా ప్రశ్న ఒకటే: కుటుంబానికి ఉన్న భూమికీ, ఆ ఇంట్లో జబ్బుకు వైద్యం అందడంలో జరిగే ఆలస్యానికీ సంబంధం ఉందా? ఇందుకు ఒక షెడ్యూలు తయారుచేశాం. ప్రశ్నలు అడిగేవారే జవాబులు నింపే పత్రాన్ని మా వృత్తిలో షెడ్యూలు అంటారు. దానికి మూడు పేజీలు. మొదటి పేజీలో ఇంట్లో ఎంతమంది, నీళ్లెక్కడివి, మరుగుదొడ్డి ఉందా అన్నవి. రెండో పేజీలో ఏడాదిలో వచ్చిన జబ్బులు. మూడో పేజీలో భూమి, అప్పు. ఏ పేజీమీదా పేరు ఉండదు, ఇంటి నంబరు మాత్రమే. ప్రశ్నలు మొదలుపెట్టేముందు, ఇష్టమైతేనే చెబుతున్నామని ఒక అంగీకార పత్రం చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. నమూనా కోసం వీధి చివరి నుంచి ప్రతి ఐదో ఇల్లు ఎంచుకున్నాం. ఎంచుకున్న ఇంటి గడప పక్కన సుద్దముక్కతో నంబరు వేశాం. అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న పద్ధతులే.

మండలాఫీసులో అనుమతి తీసుకున్నాం. ముందురోజు ఊళ్లో దండోరా వేయించారు. ఆ దండోరాలో ఏం చెప్పారో మేము వినలేదు. కాలేజీవాళ్లు సర్వేకి వస్తారని చెప్పారట. మా షెడ్యూలు పైన కూడా 'ఇంటింటి ఆరోగ్య సర్వే' అనే ఉంది. ఇళ్లకు వెళ్లిన పిల్లలు కూడా సర్వేకి వచ్చామండీ అనే అన్నారు. ఆ సంవత్సరాల్లో సముద్రం వైపు మండలాల్లో పరిశ్రమల కోసం భూములు తీసుకుంటున్నారు. ఆ ఊరివాళ్లకు సర్వే అంటే ఒకటే అర్థం. గొలుసు పట్టుకుని పొలం కొలవడం, ఆ తర్వాత నోటీసు రావడం.

మూడు రోజులు ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం బడి వరండాలో భోజనాలు చేస్తున్నప్పుడు రజియా నా పక్కకు వచ్చి కూర్చుంది. అనకాపల్లి బజారులో గొడుగులు, టార్చిలైట్లు బాగుచేసే ఆయన కూతురు. బ్యాచ్‌లో తక్కువగా మాట్లాడే పిల్ల. ఒక ఇంట్లో ఒక మనిషి ఇంటివాళ్లకు తెలియకుండా టీబీకి మందులు వాడుతోందని, రెండో పేజీలో ఏం రాయమంటారని అడిగింది. ఇల్లు ఏదో, మనిషి ఎవరో చెప్పలేదు. నేనూ అడగలేదు.

టీబీ మందు ఆ రోజుల్లో ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మింగాలి. ఆ మనిషి కుట్టు నేర్చుకునే నెపంతో పక్క ఊరికి వెళ్లి మింగి వస్తోందట. రెండు నెలలు దాటాయట. ఇంట్లో ఆడపడుచుకు సంబంధం చూస్తున్నారు. ఇంట్లో టీబీ ఉందని బయటపడితే ఆ సంబంధం తప్పిపోతుంది, తనను పుట్టింటికి పంపేస్తారు, అక్కడికి పోతే మందు ఆగిపోతుంది. ఇదీ ఆవిడ భయం. ఇంట్లో చిన్నపిల్లల సంగతి అడిగావా అన్నాను. కార్యకర్త చేతే పరీక్ష చేయించిందని రజియా చెప్పింది. అయితే ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను. ఒక జవాబు పోతే లెక్క చెడదు.

నాలుగు గంటలకు మనుషులు రావడం మొదలైంది. ముందు నలుగురైదుగురు, తర్వాత వరండా మెట్ల నిండా. కేకలు లేవు. వాళ్లు మెట్లమీద కూర్చోవడంతో మాకు దిగే దారి లేకుండా పోయింది. ముందు మాట్లాడింది అప్పలసూరి. నలభై ఏళ్ల మనిషి, రైతు. తన అన్నగారి గడప పక్కన మేము వేసిన నంబరు చూసి వచ్చాడు.

"ఈ సర్వే ఏ ఆఫీసోల్లదో సెప్పండి మేడమ్. పక్కింటికి నంబరు లేదు, ఆ పక్కింటికీ లేదు. మా అన్న ఇంటికే ఎందుకేసేరు?"

ప్రతి ఐదో ఇల్లు అని చెప్పాను. నాలుగిళ్లు వదిలి ఐదో ఇంటినే ఎందుకు పట్టుకున్నారని ఇంకొకాయన అడిగాడు. నమూనా సిద్ధాంతాన్ని ఆ మెట్లమీద వివరించడానికి ప్రయత్నించాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి నాలుగు మెతుకులు పట్టుకుంటాం కదా అన్నాను. "మేం మెతుకులమా మరి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు కానీ, ఎవరూ లేవలేదు.

ఊరికి ఒకప్పుడు ప్రెసిడెంటుగా చేసిన సింహాచలంగారు ఖాళీ షెడ్యూలు ఒకటి అడిగి తీసుకుని చదివారు. మూడో పేజీ దగ్గర ఆగిపోయారు.

"జొరాలు, విరోచనాలు అడిగేరు, బాగుంది. దానికీ మా భూమికీ ఏటి సంబంధం మేడమ్?"

ఆ ప్రశ్నకు జవాబే మా కోర్సు. భూమి ఉన్నవాడు జ్వరం వచ్చిన రోజే అప్పు పుట్టించుకుని పట్నం వెళతాడు, లేనివాడు వారం ఆగుతాడు, అది నిజమో కాదో చూస్తున్నాం అని చెప్పాను. అది నిజమేనని ఆయనే ఒప్పుకున్నారు. తెలిసినదాన్ని కాగితంమీద రాసుకుపోవడం ఎందుకని అడిగారు.

అప్పుడు అప్పలసూరి అసలు సంగతికి వచ్చాడు. వాళ్ల అన్నగారి పొలంలో అర ఎకరం చిన్నకోడలి పేరుమీద ఉంది. ఆ పొద్దున మా అమ్మాయి ఒకతె ఆ కోడలిని పెరట్లోకి తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడింది. కాగితంమీద సంతకం కూడా చేయించింది. మిగతా ఇళ్లల్లో అంతసేపు ఎవరూ కూర్చోలేదు. అతను రజియా వైపు చెయ్యి చూపించాడు. మధ్యాహ్నం రజియా చెప్పిన మనిషి ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

సంతకం ఉన్న అంగీకార పత్రం తీసి సింహాచలంగారికి ఇచ్చాను. ఆయన అందరికీ వినిపించేలా చదివారు. అందులో భూమి మాట లేదు. అప్పలసూరికి అది చాలలేదు.

"ఈ నాలుగు ముక్కలకి అంతసేపేటి? ఏటి మాటాడేవో సెప్పమ్మా. సెప్పేస్తే మీ దారిన మీరెల్లిపోతారు."

రజియా నా వైపు చూడలేదు. నేల చూస్తూ నిలబడింది. మేము ఎక్కాల్సిన ఐదు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ ఊరి బయట రోడ్డుమీద వెళ్లిపోవడం మా అందరికీ వినిపించింది. పిల్లల్లో ఒకతె ఏడవడం మొదలుపెట్టింది. నా దగ్గర సెల్‌ఫోన్ ఉంది. మండలాఫీసుకు చేస్తే జీపు వస్తుంది. జీపు వస్తే ఈ సర్వే ప్రభుత్వానిదేనని తేలిపోతుంది. ఆ తర్వాత మేము ఎప్పుడైనా బయటపడతాం, ఆ కోడలు మాత్రం ఆ ఇంట్లోనే ఉంటుంది. ఫోన్ బ్యాగులోంచి తీయలేదు.

అప్పుడు సింహాచలంగారు ఒక మధ్యేమార్గం చెప్పారు. అమ్మాయి ఊరందరి ముందూ చెప్పక్కర్లేదు, పక్కకు వచ్చి తన ఒక్కడికే చెబితే చాలు, భూమి సంగతి కాదని తాను ఊరికి పూచీ పడతానన్నారు. ఆయన పెద్దమనిషి, మాట తప్పే రకంలా లేరు. ఆ రోజు నాకు అన్నిటికంటే కష్టమైనది ఆ మాటే. పన్నెండు మంది పిల్లల్ని చీకటి పడకుండా ఇళ్లకు చేర్చాల్సింది నేను. సరే అనవచ్చునా అని ఆలోచిస్తుండగా రజియా తలెత్తింది.

"ఆవిడ నాకు సెప్పిందండి. మీకు సెప్పమని సెప్పలేదు."

మెట్లమీద గొణుగుడు పెరిగింది. అయితే ఆ కోడల్నే పిలిపించండి, ఆ నోటితోనే చెప్పిద్దాం అని అప్పలసూరి లేచాడు. ఒక కుర్రాణ్ని పరిగెత్తించాడు.

వాళ్ల భయం భూమి గురించి. ఆ భయం ఉన్నంతవరకు వాళ్లు అడుగుతూనే ఉంటారు, అది పోతే అడగడానికి ఏమీ మిగలదు. అలా అనుకుని, నాలుగు రోజుల షెడ్యూళ్లన్నీ సంచిలోంచి తీయించాను. ప్రతి దాంట్లోంచీ మూడో పేజీ ఊడదీయమని పిల్లలకు చెప్పాను. ఒకరి భూమి, ఒకరి అప్పు ఇంకొకరి చేతిలో పడకూడదు కాబట్టి, మొత్తం కట్ట ఎవరికీ ఇవ్వలేదు. ఇంటి నంబరు పిలిచి, ఎవరి పేజీ వాళ్ల చేతికే ఇచ్చాం. మొదట ఎవరూ కదల్లేదు. ఒక ముసలాయన వచ్చి తన పేజీ తీసుకుని, మడిచి, బనీను లోపల పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చదువు రానివాళ్లు పిల్లల చేత చదివించుకుని మరీ తీసుకున్నారు. మా ప్రశ్నలో సగం ఆ మెట్లు దిగి వెళ్లిపోతోందని పిల్లలకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈలోగా చిన్నకోడలు వచ్చింది. వెంట అత్త నూకాలమ్మ ఉంది. ఆ ఇంటి పేజీ నూకాలమ్మే తీసుకుని మరిదికి ఇచ్చింది. అప్పలసూరి దాన్ని రెండువైపులా చూసుకున్నాడు. చాలావరకు తగ్గాడు కానీ, పూర్తిగా కాదు.

"ఇంతకీ ఏటి మాటాడేవమ్మా అంతసేపు?"

కోడలు చీర చెంగు పట్టుకుని నిలబడింది. నోరు విప్పేలోగా నూకాలమ్మ అందుకుంది.

"ఆడోల్లు ఆడోల్లు ఏటో మాటాడుకుంతారు. నీకెందుకు మరిదీ? నీ పెల్లాం పొద్దుకాడ నూతికాడ ఏటి మాటాడిందో నీకు సెప్పిందేటి?"

ఈసారి అందరూ నవ్వారు. అప్పలసూరి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. సింహాచలంగారు లేచి, ఇక పిల్లల్ని వెళ్లనివ్వండన్నారు. ఇంకెప్పుడూ సర్వేకని ఈ ఊరు రావద్దని నాతో మర్యాదగానే చెప్పారు. తన ట్రాక్టరుమీద మమ్మల్ని హైవేమీది అడ్డురోడ్డు వరకు దింపించారు. అక్కడ బస్సు ఎక్కాం. నూకాలమ్మకు కోడలి సంగతి తెలిసే అలా అడ్డుపడిందో, తెలియకే అందో నేను చెప్పలేను.

మిగిలిన ఇళ్లు చేయలేకపోయాం. నివేదిక రెండు పేజీలతోనే రాశాం. వైవాకు వచ్చిన బయటి పరీక్షకుడు, కోర్సు పేరులో అభివృద్ధి ఉంది, నివేదికలో భూమి ఎక్కడని అడిగారు. వివరాలు ఇచ్చినవాళ్లు వెనక్కి అడిగారు, ఇచ్చేశామని రజియా చెప్పింది. ఆయన మార్కులు తగ్గించారు. నివేదిక ప్రకారం చూస్తే ఆయన చేసింది సరైనదే. అందరూ పాసయ్యారు. రజియాకు రావలసిన ఫస్ట్ క్లాసు రాలేదు. అది ఆ పేపరు వల్లనే. ఆ మొత్తం నేను స్వయంగా కూడి చూశాను.

మరుసటి సంవత్సరం మేము చేసిన మార్పులు ఇవి. షెడ్యూలుమీదా, ఉత్తరాల్లోనూ, పిల్లల నోటా సర్వే అనే మాట లేకుండా కొట్టేశాం. గోడలమీద సుద్ద వేయడం మానేసి ఇళ్ల పటం గీసుకున్నాం. దండోరాకు వదిలేయకుండా మేమే వెళ్లి ఊళ్లో కూర్చుని, భూమి ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాం. భూమి ప్రశ్న మాత్రం తీయలేదు. తీసేస్తే అది ఇంకో కోర్సు అవుతుంది. వద్దన్న ఊళ్లను వదిలేశాం. వదిలేసిన ఊళ్లు రెండు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా, ఆ కోడలికి నయమైందా అని అడుగుతారు. అప్పట్లో మా డాక్టరుగారు కూడా అడిగారు. ఆ పక్క ఊరి కార్యకర్త దగ్గర కనుక్కుంటే ఒక్క నిమిషంలో తెలిసేది. కనుక్కోవాలంటే ముందు నేను ఆవిడ పేరు చెప్పాలి. అందుకని కనుక్కోలేదు. ఇంటికి వెళ్లి అడిగే విద్యలో, అడగకుండా ఆగడం సగం పని. మా సిలబస్‌లో దానికి పేపరు లేదు.