ఎడమకి తిప్పితే ఎడమకి వెళ్లే స్టీరింగ్ కోసం దివిసీమ దాకా

ఎడమకి తిప్పితే ఎడమకి వెళ్లడం కారుకి ఉండాల్సిన కనీస మర్యాద. నేనూ మా చెల్లెలి భర్త శ్రీను బావా కలిసి మూడేళ్లుగా సొంతంగా తయారు చేస్తున్న కారుకి ఆ మాత్రం మర్యాద లేదని ఆమధ్య ఒక ఆదివారం తెలిసింది. బందరు శివార్లో మూతపడిన రైసు మిల్లు షెడ్డు ఒకటి ఉంది, కారు పుట్టింది అందులోనే. ఇనప పైపుల చట్రం, పాత చిన్న కారు నుంచి దింపిన ఇంజిన్, రెండు సీట్లు, తలుపుల్లేవు. ఇంజిన్‌కి చోటు చాలడం లేదని ముందు చక్రాల సెట్టు మొత్తాన్ని వెనకది ముందుకు వచ్చేలా తిప్పి వెల్డింగ్ చేసేశాం. అలా తిప్పితే స్టీరింగ్ కూడా తిరగబడుతుందని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లంలో బావ మొదటిసారి నడిపాడు. ఎదురుగా ప్రహరీ గోడ వచ్చింది. తప్పించుకుందామని కుడికి తిప్పాడు, కారు ఎడమకి పోయింది. కంగారులో ఇంకా గట్టిగా కుడికి తిప్పాడు. గోడ పడింది. బావకి ఏమీ కాలేదు గానీ, ఇంజిన్‌ని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు మాత్రం పగిలిపోయింది.

మిల్లు యజమానిని అందరం మావయ్య గారనే పిలుస్తాం. చుట్టరికం ఏమీ లేదు, ఆ పేటలో అందరికీ ఆయన మావయ్యే. ఆ పై వారం సోమవారం నుంచి మిల్లుని ఒక మేత గోడౌన్‌కి అద్దెకి ఇచ్చేశారు. పడిన గోడ చుట్టూ ఒకసారి తిరిగి, నిమ్మళంగా అన్నారు: "వచ్చే ఆదివారం సాయంత్రం నా కళ్లముందు ఇది కళ్లం చుట్టూ ఒక్క చుట్టు సరిగ్గా తిరగాలి. తిరిగితే మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకోండి. తిరక్కపోతే సోమవారం గ్యాస్ కట్టర్ పట్టుకుని మనిషొస్తాడు. ముక్కలు తూకానికి పోతాయి." బావని గోడ కట్టమని అక్కడే కూర్చోబెట్టారు. చక్రాలు మళ్లీ తిప్పి బిగించుకోవచ్చు కదా అని మీరు అడుగుతారని తెలుసు, దారిపొడవునా అందరూ అడిగారు. ఇంజిన్ దింపి, చట్రం కోసి, మళ్లీ అతకాలి. నెల పని. నాకున్నది శనివారం ఒక్కటే, మిగతా రోజులన్నీ ఆఫీసు మింగేసింది.

అలా శనివారం పొద్దున్నే బయల్దేరాం. నాతో వచ్చింది మా ఆవిడ సరోజ, హైస్కూల్లో లెక్కల టీచరు. మూడేళ్లలో ఆ షెడ్డు గడప తొక్కని మనిషి ఇప్పుడెందుకొస్తోందంటే, "మిమ్మల్ని ఒక్కళ్లనీ పంపిస్తే ఇంకో ఇంజిన్ తెస్తారు" అంది. ముందు బందరులోనే పాత సామాను కొట్లు తిరిగాం. స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించేది స్టీరింగ్ పెట్టె, మామూలుకి ఎదురు తిరిగే పెట్టె కావాలని చెప్పడమే ఒక అవస్థ. మొదటి కొట్టాయన కళ్లజోడు తీసి మరీ నవ్వాడు. రెండో ఆయన, "అంతేగా, ఎడమకెళ్లాలంటే కుడికి తిప్పండి. వారంలో అలవాటైపోద్దండీ" అని సలహా ఇచ్చాడు. మూడో ఆయన ఎంతో మర్యాదగా, "గుడివాడలో ఉంటుందండీ, తప్పకుండా ఉంటుంది" అన్నాడు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

బందరు నుంచి గుడివాడకి బస్సులో గంట, ఆగుతూ వెళ్తే ఇంకాస్త. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి టికెట్ నాకొక్కడికే. సరోజ ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. గుడివాడలో మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చే వేళకి ఒక మంచి పని జరిగింది. పాత కార్లు విప్పి అమ్మే కొట్టులో మా ఇంజిన్‌కి సరిపోయే సెల్ఫ్ మోటారు దొరికింది. రెండు వేల లోపే ఇచ్చాడు, బ్యాటరీకి తగిలించి తిప్పి చూపించాడు కూడా. అది గిర్రున తిరుగుతుంటే నాకు కళ్లనీళ్లొచ్చినంత పనైంది. ఇక స్టీరింగ్ పెట్టె సంగతి ఎత్తాను.

"అది దివిసీమలో ఉంటుందండీ. పాత కార్లన్నీ ఆఖరికి చేరేది అక్కడికే కదా" అన్నాడు.

"చూశారా మీరు?" అని అడిగింది సరోజ.

"చూళ్లేదనుకోండి. కానీ ఉంటుంది."

మన జిల్లాలో ఈ జబ్బు ఒకటుంది. ఎవరి నోటా లేదు అనే మాట రాదు. వచ్చినవాణ్ని లేదని పంపడం అమర్యాద, అందుకని పక్క ఊరికి పంపుతారు. పంపినవాడికి తృప్తి, వెళ్లినవాడికి బస్సు చార్జీ. అది తెలిసి కూడా వెళ్లాను, ఎందుకంటే సోమవారం గ్యాస్ కట్టర్ వస్తుంది.

గుడివాడ నుంచి అవనిగడ్డకి నేరుగా బస్సు కోసం నిలబడితే పొద్దుపోతుంది. పామర్రులో ఒకటి మారి, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరి, అక్కడ ఇంకొకటి పట్టుకుంటే త్వరగా అయిపోతుంది, మొత్తం మీద రెండు గంటల పైచిలుకు. చల్లపల్లిలో ఎక్కిన బస్సులో సీట్లు లేవు. సెల్ఫ్ మోటారు సంచిని చంటిపిల్లాడిలా చంకనేసుకుని నిలబడ్డాను. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటుతుంటే అందరూ కిటికీల్లోంచి నీళ్లు చూస్తున్నారు. నేను పక్కన వెళ్తున్న ప్రతి వ్యాను ముందు చక్రాలూ చూస్తున్నాను, ఎటు తిప్పితే ఎటు తిరుగుతున్నాయో అని.

అవనిగడ్డలో భోజనం. బస్టాండు దగ్గర వంటావిడే వడ్డించే చిన్న మెస్సు, బొమ్మిడాయిల పులుసు వేస్తే నూట యాభై. ఆవిడ మా కథంతా విని, ఇంకో గరిటె పులుసు వేసి, "మూడేళ్లా? ఆ డబ్బుతో కారు కొనుక్కుంటే పోయేది కదండీ" అంది. సరోజ పళ్లెంలోంచి తలెత్తకుండా, "అలా అడగండి" అంది. ఒళ్లు మండింది గానీ, పులుసు బాగుండటంతో ఊరుకున్నాను. ఆ తర్వాత అడిగిన మెకానిక్ షెడ్డులో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన అంతా సావధానంగా విని, "ఇక్కడ దాకా ఎందుకొచ్చారండీ? బందరులో ఉంటుంది కదా" అన్నాడు.

అక్కడే అరుగు మీద కూలబడిపోయాను. బస్సెక్కి ఇంటికి పోదామన్నాను. పక్కనే ఆటోలో కూర్చున్నతను ఇదంతా విన్నాడు. "పాత కారు సామాన్లాండీ? నాగాయలంక దారిలో మాకు తెలిసినాయన చెరువు కాడ బోల్డు పడున్నాయి. వెళ్లిరావడానికి ఆరొందలియ్యండి, ఎంతసేపైనా ఆగుతా" అన్నాడు. ఉంటుందండీ అనకుండా పడున్నాయి అన్న మొదటి మనిషి అతనే. ఎక్కాం.

దివిసీమ రొయ్యల చెరువుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. రొయ్యలకి గాలి అందాలంటే చెరువులో రెక్కల చక్రాలు నీళ్లని చిలుకుతూ ఉండాలి. కరెంటు పోతే వాటిని ఆపకుండా తిప్పడానికి గట్టు మీద ఇంజిన్ ఉండాలి. మేం వెళ్లేసరికి కరెంటు లేదు, ఆ చెరువు గట్టున నడుస్తున్నది మా కారు ఇంజినే, అదే రకం. చెరువు గలాయన తెల్ల చొక్కా, లుంగీతో కుర్చీలో కూర్చుని ఫోన్లో రొయ్య రేటు కనుక్కుంటున్నారు. పక్కన పాకలో ఉన్న తుప్పు కుప్పంతా వెతికాను. స్టీరింగ్ పెట్టెలు రెండున్నాయి. రెండూ మామూలువే. ఎడమకి తిప్పితే, మా కారులో మళ్లీ కుడికే. చేతులకి గ్రీజు తప్ప ఏమీ అంటలేదు. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆ పెట్టెనే కాలితో తన్నాను, బొటనవేలు వాచింది.

సరోజ గట్టు మీద నిలబడి రెక్కల చక్రాల వంక చూస్తోంది. "ఏవండీ, ఇంజిన్ నుంచి వచ్చే కడ్డీ ఇటు తిరుగుతోంది, అవతలి కడ్డీ అటు తిరుగుతోంది. మధ్యలో ఆ డబ్బాలో ఏముంది?" అని పిలిచింది.

చెరువు గలాయన కుర్చీలోంచే చెప్పారు. "రెండు పళ్లచక్రాలమ్మా. ఒకదాన్నొకటి పట్టుకుని ఎదురు తిరుగుతాయి. అది లేకపోతే నీళ్లు గట్టు మీదకొస్తాయి."

"రెండింటికీ పళ్లు సమానమేనా?"

"సమానమే."

సరోజ నా వైపు తిరిగింది. "స్టీరింగ్ మారుస్తానంటారేంటి, మీ స్టీరింగ్ కడ్డీని మధ్యలో కోసి ఈ డబ్బా పెడితే సరిపోదూ? కుడికి తిప్పితే లోపల ఎడమకి తిరుగుతుంది. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు." బందరు నుంచి ఇక్కడి దాకా నేను పెట్టె కోసం వెతుకుతూనే ఉన్నాను, కడ్డీ సంగతే ఆలోచించలేదు.

పాకలో అలాంటి డబ్బా ఇంకొకటి ఉంది. ఎంతిమ్మంటారని అడిగాను. ఆయన చేయి అడ్డంగా ఊపారు. "పట్టుబడి అయ్యేదాకా చెరువు మీంచి దేన్నీ డబ్బుకి ఇవ్వమండీ. మా నాన్నగారి నుంచీ అంతే. వస్తువుకి వస్తువైతే సరే." రొయ్యలు పట్టి అమ్మేది ఇంకో నెలకి. నా దగ్గర ఏముందని వస్తువు? ఆయన కళ్లు నా చంకలోని సంచి మీదున్నాయి. "మా ఇంజిన్‌కి సెల్ఫ్ పోయి వారమైంది. కరెంటు పోయినప్పుడల్లా తాడు చుట్టి లాగుతున్నాం. గుడివాడ వెళ్లి తెచ్చుకుందామంటే చెరువు వదిలి కదల్లేను."

దక్కింది అదొక్కటే, అది కూడా పోవాలా! సంచి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. సరోజ దగ్గరికొచ్చి మెల్లిగా అంది: "కారుని తోసి స్టార్ట్ చేయొచ్చు. తోసి తిప్పలేం కదా." సంచి ఇచ్చేశాను. కరెంటు రాగానే ఆయన ఇంజిన్ ఆపి సెల్ఫ్ బిగించుకుని, డబ్బా మా చేతికిచ్చారు. మేం ఆటో ఎక్కుతుండగానే వెనక ఆయన ఇంజిన్ ఒక్క తాళంచెవికి స్టార్టయింది. ఆ చప్పుడు నాకు చాలా బాధ కలిగించింది.

అవనిగడ్డ నుంచి చల్లపల్లి మీదుగా బందరు గంటన్నర. ఆదివారం పొద్దున్నుంచి బావ కడ్డీ కోసి డబ్బా అతికాడు. సాయంత్రానికి మావయ్య గారు కుర్చీ వేయించుకుని కొత్త గోడకి దూరంగా కూర్చున్నారు. బావ నడపనన్నాడు, అతనికి గోడంటే భయం పట్టుకుంది. నేను కూర్చుంటే తోసేవాళ్లు తక్కువవుతారు. "నేను కూర్చుంటాను" అంది సరోజ. నేనూ బావా తోశాం. కారు కదల్లేదు. ఇంకోసారి తోశాం. మావయ్య గారు విసుక్కుంటూ లేచి, "మీ వల్ల ఏదీ కాదర్రా" అని తానూ భుజం ఆనించారు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. గోడ దగ్గరికొచ్చింది. సరోజ ఎడమకి తిప్పింది, కారు ఎడమకి తిరిగింది.

ఒక చుట్టయింది. ఆపలేదు. రెండో చుట్టులో నా పక్కనుంచి వెళ్తూ, "ఆపితే మళ్లీ తొయ్యాలి!" అని అరిచింది. మావయ్య గారు కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు. మూడేళ్లుగా ఆ సీట్లో మొదట కూర్చునేది నేనేనని కలలు కన్నాను. కళ్లం మధ్యలో గ్రీజు చేతులతో నిలబడి చూస్తుంటే కొంచెం ఏడుపొచ్చింది, అది అసూయ మాత్రం కాదు. ఆ రోజంతా నేను విసుక్కున్నవాళ్లెవరూ నాకు అబద్ధం చెప్పలేదేమో అనిపించింది. ఉంటుందండీ అన్నారు, ఉంది. నేను వెతికినచోట లేదు, అంతే.

మీరూ ఇలాంటి పని మీద ఇటువైపు వస్తే ఒక్క సలహా. ఏ కొట్టులోనైనా "ఉంటుందండీ" అంటే వెంటనే బస్సెక్కకండి. "మీరు కళ్లారా చూశారా?" అని అడగండి, చూశానన్న మనిషి దొరికాకే బయల్దేరండి. నేను అడగలేదు, సరోజ అడిగింది. మూడో చుట్టులో ఆమె వేగం తగ్గించి, పక్క సీటు మీద చేత్తో తట్టి, "ఆపను. పరిగెత్తి ఎక్కండి" అంది. పరిగెత్తాను.