మళ్లీ మాస్టారి చెవులు

మాస్టారికి ఎవరు ఏం చెప్పినా మళ్లీ చెప్పాలి. వినరని కాదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, మెడ ముందుకు చాచి, మహా శ్రద్ధగా వింటారు. అంతా అయ్యాక, "ఏమన్నారూ? మళ్లీ చెప్పండి," అంటారు. ఆ ముక్క అనకుండా ఆయన ఒక్క పూట గడిపినట్టు చరిత్రలో లేదు. అందుకే విశ్వవిద్యాలయంలో అందరికీ ఆయన మళ్లీ మాస్టారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తెలిసి ఉండాలి.

మీరంటే నాకిష్టమేనని పెళ్లికి ముందు ఆయన భార్య చెప్పినప్పుడు కూడా మళ్లీ చెప్పమన్నారట. "ఇంకోసారి ఆలోచించుకోమని దేవుడిచ్చిన అవకాశం అది. చేజేతులా పోగొట్టుకున్నాను," అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోతుంది.

అలాంటి మనిషిని తీసుకెళ్లి ఓ పెద్ద పరిశోధనలో వేశారు. మూడు విశ్వవిద్యాలయాలు, రెండు పరిశోధన సంస్థలు కలిసి చేస్తున్న పని అది. బిల్లు కట్టడం, పింఛను అడగడం, డాక్టరు దగ్గర వంతు తీసుకోవడం, అన్నీ తెరల మీదకి ఎక్కేశాక మామూలు మనుషుల బతుకు ఏమవుతోందన్నది విషయం. ఐదు సంస్థలనూ ఒక్క తాటి మీద నడపాల్సిన కోఆర్డినేటరమ్మకి, సభ్యుల్లో మళ్లీ మాస్టారు కూడా ఉన్నారని తెలిసిన రోజున గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆయన ఆమెకు సొంత బాబాయి.

ఈ సంగతి ఆఫీసులో పురుగుకి కూడా తెలియదు. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు మారింది కాబట్టి ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆమె మొదటి రోజే ఆయన్ని వరండా చివరికి లాక్కెళ్లింది.

"బాబాయ్, ఇక్కడ నన్ను చిట్టీ అని పిలవకు. నేనూ నిన్ను సార్ అంటాను."

"ఏమన్నావూ? మళ్లీ చెప్పు."

"ఇక్కడ నేను నీ చిట్టిని కాదు బాబాయ్!" అని ఆమె అరిచింది. మెట్లెక్కుతున్న ఇద్దరు ఆగి మరీ చూశారు. అదృష్టం బాగుండి ఇద్దరూ బయటివాళ్లే.

ఆ రోజు నుంచి ఆమె కనబడితే చాలు, మాస్టారు లేచి నిలబడి "నమస్కారం మేడమ్" అనడం మొదలుపెట్టారు. పదిసార్లు కనబడితే పదిసార్లూ నమస్కారమే. చిట్టీ అన్నా ఇంత సిగ్గుచేటుగా ఉండేది కాదని ఆమెకు అనిపించేది. కానీ ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మార్చమంటుంది?

ఇక మీటింగుల సంగతి చెప్పక్కర్లేదు. ఓ సంస్థ నుంచి కంప్యూటర్ నిపుణుడు ఒకాయన వచ్చేవాడు. నోరు తెరిస్తే వడగళ్ల వానే. ఎవరి దగ్గరి సమాచారం ఎక్కడ పెట్టాలో, ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో గుక్క తిప్పుకోకుండా చెప్పేసి "అర్థమైందిగా?" అనేవాడు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపేవారు. అప్పుడు బల్ల చివర నుంచి గొంతు వినిపించేది.

"ఏమన్నారూ? మళ్లీ చెప్పండి."

నిపుణుడు నిట్టూర్చి, కాస్త నెమ్మదిగా మళ్లీ చెప్పేవాడు. ఇంకోసారి అడిగితే పసిపిల్లలకి చెప్పినట్టు బొమ్మ గీసి చెప్పేవాడు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. కోఆర్డినేటరమ్మ మాత్రం తలెత్తేది కాదు. పెన్ను మూత నోట్లో పెట్టుకుని కొరుకుతూ కూర్చునేది.

"మాస్టారికి చందాలేసుకుని చెవి మిషన్ కొనిద్దామా?" అని ఓ రోజు ఎవరో గొణిగారు.

"ఏమన్నారూ?" అన్నారు మాస్టారు. గది గదంతా ఘొల్లుమంది. పాపిష్టిది, కోఆర్డినేటరమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే బంధుత్వం బయటపడుతుందేమోనని భయం.

పరిశోధన కోసం ఓసారి సేవాకేంద్రానికి వెళ్లారు. తెర మీద ఏది నొక్కాలో, ఫోనుకి వచ్చిన అంకెలు ఎక్కడ కొట్టాలో కిటికీలోని ఉద్యోగి గబగబా చెప్పాడు. మాస్టారు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ మళ్లీ చెప్పమన్నారు.

"ఇంత చదువుకున్నారు, ఇదీ తెలీదా?" అని కసిరాడతను.

"తెలీదండీ. ఇంకొక్కసారి," అన్నారు మాస్టారు సంతోషంగా.

ఆయన వెనక నిలబడ్డ ముసలావిడ మెడ చాచి అంతా చూస్తోంది. తన వంతు రాగానే ఎవరినీ ఏమీ అడక్కుండా పని ముగించుకుని చక్కా వెళ్లిపోయింది. "చూశావా, ఆవిడే నయం! నా పరువు గంగలో కలిపావు," అని దారి పొడుగునా కోఆర్డినేటరమ్మ సణిగింది.

చివరికి ఆ పెద్ద సమావేశం రానే వచ్చింది. ఐదు సంస్థలూ తమ సమాచారాన్ని ఒకే పద్ధతిలో కలపడానికి ఒప్పుకుంటేనే రెండో విడత పని. లేకపోతే ప్రాజెక్టుతో పాటు ఆమె ఉద్యోగమూ హుష్‌కాకి. ముందు రోజు సాయంత్రం ఆమె బాబాయి ఇంటికి వెళ్లింది.

"రేపు నువ్వు రాకు బాబాయ్. నీ వల్ల నాకు తలవంపులుగా ఉంటోంది," అంది గుమ్మంలోనే.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. "ఏమన్నావూ? మళ్లీ చెప్పు."

మొదటిసారి కోపంలో గడగడా వచ్చేసిన మాట రెండోసారి గొంతులో అడ్డం పడింది. అయినా చెప్పింది. వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది.

"అలాగేనమ్మా. రేపు మొక్కలకి నీళ్లు పోస్తాను," అన్నారాయన.

మర్నాడు సమావేశం మహా జోరుగా సాగింది. అడ్డుపడేవాళ్లు లేకపోవడంతో నిపుణుడు గుర్రమెక్కాడు. కొత్త పద్ధతంతా ఒక్క ఊపులో చెప్పేసి, "అర్థమైందిగా? ఇప్పుడు కోఆర్డినేటర్ గారు చేసి చూపిస్తారు," అన్నాడు.

నోట్లోంచి పెన్ను మూత తీసి ఆమె లేచింది. తెర ముందు నిలబడేసరికి బుర్రలో ఒక్క ముక్క లేదు. ఏనాడు మాత్రం ఉంది? ఇన్నాళ్లూ తనకి ఏది అర్థమైనా రెండోసారో మూడోసారో చెప్పినప్పుడే అర్థమైందని అప్పుడు తట్టింది. బల్ల చుట్టూ చూసింది. తలలన్నీ ఇంకా ఊగుతున్నాయి. ఎదురుగా గోడ మీద వాళ్ల పరిశోధనలో తేలిన మొదటి మాట, తనే రాయించి అంటించినదే, వేలాడుతోంది: "అర్థం కానివారు అడగరు. సిగ్గుపడి తల ఊపుతారు." ఆమెకు తల తీసేసినట్టయింది. నిన్న గుమ్మంలో అన్న మాట చెవుల్లో గింగురుమంది.

"ఏమన్నారండీ?" అంది. "మళ్లీ చెప్పండి."

"హమ్మయ్య!" అంటూ పెద్ద విశ్వవిద్యాలయం డైరెక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. "నాకూ ఏమీ ఎక్కలేదు. ఎటూ ఆయన అడుగుతారు కదా అని నేను అడగడమే మానేశాను. ఇవాళేరీ మాస్టారు?"

"నేనే రావద్దన్నానండీ," అంది కోఆర్డినేటరమ్మ. "ఆయన మా బాబాయి."

ఎవరూ నవ్వలేదు. నిపుణుడు నెమ్మదిగా మళ్లీ చెప్పాడు. రెండోసారి చెబుతుండగా అతనికే తన పద్ధతిలో ఓ తప్పు కనబడి దిద్దుకున్నాడు. ఐదు సంస్థలూ ఒప్పుకున్నాయి. ఆమె మాత్రం కాఫీకి కూడా ఆగకుండా తిన్నగా బాబాయి ఇంటికి వెళ్లింది.

ఆయన మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. "బాబాయ్, నీకు నిజంగానే చెవుడా?" అని అడిగింది.

"ఆయనకా చెవుడు!" అని లోపల్నుంచి పిన్ని అందుకుంది. "నేను బిస్కెట్ల డబ్బా మూత తీస్తే మేడ మీంచి దిగొస్తారు."

"మరెందుకలా అడుగుతావు?"

"చిన్నప్పుడు లెక్క అర్థం కాకపోతే జడ కొస నోట్లో పెట్టుకునేదానివి. అడగవే అంటే ఏడ్చేదానివి. ఇప్పుడు పెన్ను మూత. అది నోట్లోకి వెళ్లగానే నేను మళ్లీ చెప్పమంటాను," అన్నారాయన. "ఆ సేవాకేంద్రంలో ముసలావిడ కూడా అంతే, పాపం. సంచి పట్టీ నలిపేస్తోంది."

"అయితే ఆ చెవి మిషన్ మాట..."

"వినపడింది. నువ్వు నవ్వడమూ వినపడింది."

ఆమెకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. "నిన్న నేనన్నది?"

"మొదటిసారే వినపడిందమ్మా."

"మరి మళ్లీ ఎందుకు చెప్పించావు?"

"రెండోసారి మార్చి చెబుతావేమోనని," అన్నారు మాస్టారు, గులాబీ మొక్కకి నీళ్లు పోస్తూ.

"తప్పయిపోయింది బాబాయ్. రేపట్నుంచి మీటింగులకి రా," అంది మెల్లగా.

మాస్టారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని మెడ ముందుకు చాచారు. "ఏమన్నావూ? మళ్లీ చెప్పు."

"తప్పయిపోయింది బాబాయ్!" అని వీధి చివరి దాకా వినబడేలా అరిచింది చిట్టి.

"నాకు సరిగ్గా వినపడలేదే," అంది వంటింట్లోంచి పిన్ని. "మళ్లీ చెప్పు!"