లక్ష్మణప్ప అడిగే మొదటి ప్రశ్న

కెలమంగలం చుట్టుపక్కల పాత కార్లున్నవాళ్లకు లక్ష్మణప్ప డాక్టరుకంటే ఎక్కువ. ఇంజిన్లు బాగుచేసేవాళ్లు హోసూరులో వీధికి నలుగురున్నారు. తల అరిగి, తుప్పు పట్టి, మొండికేసిన స్క్రూని ఊడదీసేవాడు మాత్రం ఇతనొక్కడే. వయసు అరవై దాటింది. మనిషి సన్నం, నోరు పదును. సైకిలుకు సంచి తగిలించుకొని వస్తాడు. వచ్చీ రాగానే బండిని చూడడు, మనిషిని చూస్తాడు.

"ఎవరు చెయ్యి పెట్టినారు?"

ఈ ప్రశ్నకు మా ఊళ్లో ఒక్కరూ నిజం చెప్పిన పాపాన పోలేదు. అందరూ హోసూరు మెకానిక్ మీదికే నెట్టేస్తారు. నేనూ అదే చేశాను.

అప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులు చివరి దశలో ఉన్నాయి. ఆ వారం రోజులూ అవి తినే తిండికి అంతుండదు. మా తోటలో ఆకు అయిపోయింది. బేరిగైలో బావమరిది కోసి ఉంచిన మల్బరీ ఆకు సాయంత్రానికి రాకపోతే పంట పోయినట్టే. తేవాల్సిన మా నాన్న కాలం నాటి కారు వెనక చక్రం బిగుసుకుపోయి కూర్చుంది. టెంపోలు లేక కాదు. వాటిలో పురుగుమందు కొట్టిన టమోటాలు మోస్తారని నా భార్య మంజులమ్మ వాటిని వాకిట్లోకే రానివ్వదు. ఇక కిరసనాయిలంటే, దాని వాసన తగిలినా పురుగులు చస్తాయని, అవి ఉన్నన్నాళ్లు మా ఇంట్లో పేరు కూడా ఎత్తకూడదు.

చక్రం లోపల పట్టేసిన బ్రేకు డ్రమ్ము ఊడి రావాలంటే ముందు దాని స్క్రూ రావాలి. చేతికందిన స్క్రూడ్రైవరుతో తిప్పి తిప్పి దాని గాడిని నున్నగా చేసిపెట్టింది నేనే. అంతటితో ఊరుకున్నానా? పంపుసెట్టు గదిలో దాచిన కిరసనాయిలు కాస్త పోసి, వాసన తెలియకుండా పైన సబ్బు రుద్ది కడిగేశాను.

"హోసూరు మెకానిక్కప్పా," అన్నాను. మంజులమ్మ పక్కనే ఉంది మరి.

లక్ష్మణప్ప చక్రం దగ్గర వంగాడు. "ఏమన్నా పోసినారా?"

"ఏమీ లేదప్పా."

"సరే. వేడి చేస్తే వచ్చేస్తాది." సంచిలోంచి గ్యాస్ టార్చి తీశాడు. లైటరు కోసం తాపీగా జేబులు తడుముకున్నాడు. నిజం చెబితే మంజులమ్మ, చెప్పకపోతే మంట.

లైటరు దొరికింది.

"వద్దప్పా! కిరసనాయిలు పోసినాను! తిప్పింది కూడా నేనే! హోసూరాయన ఈడికి రానేలేదు!"

లక్ష్మణప్ప టార్చిని సంచిలో పడేశాడు. "దీంట్లో గ్యాసు అయిపోయి నెలయింది బైరప్పా. వాసన నాకు వంగినప్పుడే తెలిసినాది. పోయినేడు ఒకాయన మాట నమ్మి చెయ్యి కాల్చుకున్నాను. అప్పట్నుంచి నిజం వినందే సుత్తి పట్టను."

తర్వాత పని అరగంట. స్క్రూ తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. చిన్న ఉలి అంచుకు ఆనించి ముందు బిగించే వైపు కొట్టాడు. తుప్పు విడిచాక విప్పే వైపు కొట్టాడు. స్క్రూ బుద్ధిగా బయటికి వచ్చింది. డ్రమ్ము ఊడింది, చక్రం తిరిగింది. అతని చేతులు చూస్తుంటే నాకు అసూయ కలిగింది.

మంజులమ్మ చక్రానికి రెండు బిందెల నీళ్లు కొట్టి, స్టీరింగు తనే పట్టుకుంది. దారిలో మళ్లీ మొరాయిస్తే చూడ్డానికి లక్ష్మణప్పను పక్కన కూర్చోబెట్టుకుంది. నా చేతిలో సబ్బుబిళ్ల పెట్టి బోరు దగ్గర వదిలేసింది.

నేను మూడోసారి స్నానం చేస్తుండగా ఆకు వచ్చింది. మంజులమ్మ ముందు దాన్ని పురుగులకు పెట్టింది. అవి ఆకు కొరికే చప్పుడు వాన కురిసినట్టు వినబడితే నా ప్రాణం లేచివచ్చింది. అప్పుడు తను నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది.

"ఇంగోసారి నీళ్లు పోసుకో పో," అంది.